గీతకు రెండు వేళ్ళు తక్కువ

ఆ పొద్దున ఆకాశం రంగు సరిగా పట్టని తోలులా ఉంది. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు, నడుమ మాసికలు. వాన పడేలా లేదు, ఎండ కాసేలా లేదు. బూట్ల మేస్త్రీ వాకిట్లో నిలబడి దాన్ని చాలాసేపు చూశాడు. ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాని మనిషికి ఆకాశం చూడటం మంచి పని.

లోపల పెద్దకూతురి గొంతు అప్పటికే లేచింది.

"నా బిడ్డ చెయ్యి విరిగి పడుంటే నువ్వు తల దువ్వుకుంటున్నావా?"

"విరబోసుకు కూర్చుంటే ఎముక అతుక్కుంటుందా అక్కా?"

"అదిగో, ఆ మాటలే! ఆ కాలేజీకి పంపి నీకు నేర్పించింది అవే."

ముందు గదిలో మంచం మీద గువ్వ పడుకుని ఉంది. ఆరేళ్ళ పిల్ల. మోచేతి పైన ఎముక రెండుగా విరిగింది. వాపు తగ్గాక కోసి లోపల కడ్డీ వెయ్యాలన్నాడు డాక్టరు. ఆస్పత్రి ఈ ఇంటికి దగ్గరని పెద్దకూతురూ అల్లుడూ మొన్నటినుంచి ఇక్కడే ఉన్నారు. మందు మత్తులో పిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతోంది. చుట్టూ ఇంత గొడవ జరుగుతున్నా లేవడం లేదు. లేవకపోవడమే నయమని ఎవరికి వాళ్ళు అనుకుంటున్నారు.

"పార్కులో పడవ రైడు గేటు దగ్గర ఉన్నది నువ్వు," అంది పెద్దది. "దాన్ని ఎత్తు కొలిచే గీత దగ్గర నిలబెట్టి చూసింది నువ్వు. చెయ్యి పట్టుకుని పడవలో కూర్చోబెట్టింది నువ్వు. అవునా, కాదా?"

"అవును."

"ఇంకేం మిగిలింది మరి?"

"నువ్వన్నది మిగిలింది. 'సొంత పిన్నివి గేట్లో ఉండి కూడా పిల్లని ఏడిపిస్తావటే' అన్నది ఎవరక్కా? లైనంతా వింది."

"అంటాను. తల్లిని, నేనంటాను. వద్దనాల్సింది నువ్వు."

చిన్నది తల దువ్వడం ఆపింది. దువ్వెనకు అంటుకున్న వెంట్రుకలు తీసి చుట్ట చుట్టి కిటికీలోంచి పారేసింది.

అల్లుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. గ్యాసు ఎక్కడ కారుతోందో దొరికేదాకా అన్నం తినని రకం. మొన్నటినుంచి అతనికి ఒకే ప్రశ్న.

"నాకు ఒక్కటే అర్థం కావట్లేదు," అన్నాడు. "గీత తగిలిందని నేనూ చూశాను. గువ్వ తల కొలత కర్రకి తగిలింది. చప్పుడు కూడా వచ్చింది. మరి మత్తు మందు లెక్క కోసం ఆస్పత్రిలో ఎత్తు కొలిస్తే గీతకి రెండు వేళ్ళు తక్కువ వచ్చింది. ఒక్కపూటలో పిల్ల కుంగిపోతుందా?"

"ఆస్పత్రి వాళ్ళ కొలత తప్పేమో బాబూ," అంది మేస్త్రీ భార్య వంటగది గుమ్మంలోంచి.

"రెండుసార్లు కొలిచారు అత్తయ్యా."

ఆవిడ గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వాకిట్లో మేస్త్రీ ఆకాశం మీదనుంచి కళ్ళు దించి, ఇంటి పక్కనుంచి పెరట్లోకి నడిచాడు. పెరట్లో రేకుల షెడ్డు. అందులోనే అతని పని.

చిన్నదాని ఫోను మోగింది. కాలేజీలో ఇంటర్న్‌షిప్‌లు చూసే మేడమ్. చిన్నది మంచం దగ్గరనుంచి దూరంగా వెళ్ళి మాట్లాడింది. దూరం ఎంత? ఆ ఇంట్లో ఏ మూల మాట్లాడినా ఇంకో మూలకి వినిపిస్తుంది.

"పార్కు సూపర్‌వైజర్ సార్ ఇవాళ మీ ఇంటికి వస్తున్నారట. గొడవ పెట్టుకోకు. ఆయన ఏమంటే దానికి సరే అను. ఆయన సర్టిఫికెట్ ఇవ్వకపోతే నీ డిగ్రీ ఆగిపోతుంది, తెలుసు కదా? మళ్ళీ వచ్చే ఏడాది మొదటినుంచి. అప్పటికి ఏ పార్కు నిన్ను తీసుకుంటుందో నాకు తెలీదు."

"తప్పు నాది కాకపోతే మేడమ్?"

అవతల మేడమ్ గొంతు తగ్గించింది.

"తప్పు ఎవరిదని అడగలేదమ్మా నేను," అంది మేడమ్.

ఫోను పెట్టేశాక తల్లి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. "అసలు ఆ పార్కుకి పంపకుండా ఉండాల్సింది. హోటల్లో వెయ్యమని అడగవే అంటే విన్నావా? పార్కు, పార్కు అని ఎగిరావు."

"దూరపు కొండలు నునుపమ్మా," అంది చిన్నది. "కాలేజీలో తెర మీద చూపించారు. రంగు రంగుల గొడుగులు, కోటు వేసుకున్న అమ్మాయిలు. మేనేజ్‌మెంట్ నేర్పిస్తామన్నారు. వెళ్ళిన రోజు చేతికి చీపురిచ్చారు. దారిలో పడిన మక్క పేలాలు ఊడ్చాను. అవి ఎంత ఊడ్చినా వానలా పడుతూనే ఉంటాయి. తరువాత ఎలుగుబంటి తొడుగు. లోపల ఉడికిపోతుంటే పిల్లలొచ్చి పొట్టలో గుద్దేవాళ్ళు. ఎలుగుబంటి 'అబ్బా' అనకూడదు. అంటే మా సూపర్‌వైజర్, ఆ టోపీ సార్, చీటీ రాస్తాడు."

"నవ్వు వస్తోందా నీకు?" అంది పెద్దది.

"అక్కడ నవ్వడమే పని అక్కా. పళ్ళు కనిపించాలి. తిట్టినా పళ్ళు కనిపించాలి. మా బ్యాడ్జీ పసుపురంగుది, ట్రైనీ అని రాసి ఉంటుంది. తిట్టాలనుకున్నవాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా."

"ఇన్నాళ్ళూ ఫోన్లో ఇవేమీ చెప్పలేదేం?" అంది తల్లి.

"చెప్పాను. నువ్వు వినలేదు. నాన్న విన్నాడు."

ఆ మాట అన్నాక తనే ఆగిపోయింది.

నిజమే. చిన్నది వారం వారం ఫోను చేసేది. తల్లి ఆరోగ్యం అడిగేది, తిండి అడిగేది, ఆ తరువాత ఫోను బల్ల మీద పెట్టి పనిలో పడేది. మేస్త్రీ పక్కనే కూర్చుని తోలు గీరుతూ వినేవాడు. ఊ కొట్టేవాడు కాదు. ఉన్నాడో లేడో తెలియక చిన్నది "నాన్నా?" అంటే, "చెప్పు" అనేవాడు. గేటు డ్యూటీ వేశాక ఆమె చెప్పిందంతా పిల్లల గురించే. వేలెడు తక్కువైనా వెనక్కి పంపాలి నాన్నా. గంటసేపు లైన్లో నిలబడి వస్తారు. వాళ్ళ అమ్మానాన్నలు నన్ను తిడతారు, అది పర్లేదు. పిల్లలు తిట్టరు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి నన్నే చూస్తారు.

చిన్నది లేచి పెరట్లోకి వెళ్ళింది.

షెడ్డులో చెక్క అచ్చులు వరసగా వేలాడుతున్నాయి. పెద్దవాళ్ళ పాదాలు, పిల్లల పాదాలు, ఒక వేలు లేనివాడి పాదం. మేస్త్రీ పీట మీద కూర్చున్నాడు. ఒళ్ళో తోలు లేదు, చేతిలో దబ్బనం లేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి ఉన్నాయి. పని లేకుండా ఆ చేతుల్ని చూడటం చిన్నదానికి అలవాటు లేదు.

"బూట్లేవి నాన్నా?"

"ఏ బూట్లు?"

"గువ్వవి. ఆస్పత్రిలో నర్సు నీ చేతికే ఇచ్చింది."

"తడిసిపోయాయి."

"తడిసినవే ఏవీ?"

మేస్త్రీ కదల్లేదు. చిన్నది కిందికి వంగి పీట వెనక నుంచి గోనెపట్టా తొలగించింది. ఎర్ర బూట్లు. గువ్వ కోసం ఈసారి కొత్తగా కుట్టినవి. బయట చూస్తే ఏమీ తెలియదు. అడుగు మామూలు మందమే, మడమ మామూలు ఎత్తే. ఆమె చెయ్యి లోపలికి పెట్టి చూసింది. అడుగున ఏమీ లేదు. మడమ ఆనే చోట జిగురు మాత్రం గరుకుగా తగిలింది.

"తీసేశావా?"

"ఉబ్బిపోయాయి."

"ఎన్ని అట్టలు పెట్టావు?"

"లెక్కపెట్టలేదు. చాలినన్ని."

రేకు మీద కాకి నడుస్తున్న చప్పుడు. ఇద్దరూ అది వెళ్ళిపోయేదాకా ఆగారు.

"నాకు అప్పుడే తెలుసు నాన్నా," అంది చిన్నది.

మేస్త్రీ తలెత్తాడు.

"లైన్లో నడిచి వస్తున్నప్పుడే తెలుసు. మడమలు ఎత్తి నడుస్తోంది. ముందుకు పడబోతున్నట్టు. పుట్టినప్పటినుంచి నీ బూట్లే వేసుకున్నాను. నీ బూట్లు వేసుకున్నవాళ్ళు ఎవరూ అలా నడవరు."

"తెలిసి పోనిచ్చావా?"

"పోనిచ్చాను."

"ఎందుకే?"

ఆమె చేతిలో బూటును తిప్పుతూ నిలబడింది. "తాడు అవతల నువ్వు నిలబడి నవ్వుతున్నావు. నువ్వు అలా నవ్వడం నేను ఎప్పుడు చూశాను నాన్నా? నీ మొహంలో పళ్ళున్నాయని మర్చిపోయాను. ఎంతమంది పిల్లల్ని వెనక్కి పంపానో ఆ గేటు దగ్గర. ఆ ఒక్క పిల్లని పంపలేకపోయాను."

మేస్త్రీ ఆమె చేతిలోంచి బూటు తీసుకున్నాడు. జిగురు గరుకు మీద బొటనవేలు రుద్దాడు. అది పోయేది కాదని అతనికీ తెలుసు.

"పిల్ల ఏడవకూడదనుకున్నాను," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "దాన్ని నీ చేత్తో వెనక్కి పంపాల్సి రాకూడదనుకున్నాను. పెద్దది అందరిలో నిన్ను అంటుంది. అదొకటి."

చిన్నది కళ్ళు తుడుచుకోలేదు. కోపం వస్తే తుడుచుకోదు.

"ఒక్క మాట నాకు చెప్పి ఉంటే నాన్నా! అదేమైనా గుర్రపు బొమ్మా, ఎక్కి ఊగడానికి? గీత ఊరికే గీశారా? పడవ కిందికి దూకేటప్పుడు మనిషిని పట్టి ఉంచే బార్ ఒళ్ళో ఆనాలి. ఆ పిల్లకి ఆనలేదు. కాళ్ళు కింద ఆనాలి. నీ అట్టల మీద మడమలు జారిపోయాయి. బార్ కిందనుంచి మొత్తం జారింది. చెయ్యి అడ్డం పడింది కాబట్టి చెయ్యి విరిగింది. చెయ్యి అడ్డం పడకపోతే?"

"చెప్పకు."

"చెప్పను. ఆ సార్ వస్తున్నాడు. నువ్వు చెబుతావా?"

మేస్త్రీ బూట్లు రెండూ జతగా పీట పక్కన పెట్టాడు. బేరానికి పెట్టినట్టు ముందుభాగాలు సమంగా సర్దాడు.

"చెబుతాను," అన్నాడు.

అతను మాట ఇస్తే పెళ్ళి బూట్లయినా పనిబూట్లయినా అన్న రోజుకి ఇచ్చేవాడని ఆ వీధిలో పేరు. చిన్నది ఆ పేరును నమ్ముకుని లోపలికి వెళ్ళింది.

సూపర్‌వైజర్ వచ్చేసరికి ఆకాశం ఇంకా అలాగే ఉంది. ఇంట్లోకి వచ్చినా టోపీ తియ్యలేదు. ఒక చేతిలో పళ్ళ బుట్ట, ఒక చంకలో పార్కు ఎలుగుబంటి బొమ్మ. బొమ్మను గువ్వ మంచం మీద కాళ్ళ దగ్గర పెట్టాడు.

"చెయ్యి విరిగినందుకా ఇది?" అన్నాడు అల్లుడు.

"అయ్యో, అలా అనకండి. పాప మా పాపే. మా పార్కంతా ఒక కుటుంబం." పళ్ళు కనిపించేలా నవ్వాడు. నేర్పినవాడు కదా, ఎక్కడా తేడా రానివ్వలేదు.

తల్లి మంచినీళ్ళు తెచ్చింది. అతను తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో చుట్టూ చూసి, చివరకు చేతిలోనే పట్టుకున్నాడు. మేస్త్రీ పెరటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కూర్చునేవాడు కాదు.

"నేరుగా విషయానికొస్తాను," అన్నాడు సూపర్‌వైజర్. "కెమెరాలో చూశాం. పాప తల కర్రకి తగిలింది. ఆస్పత్రి వాళ్ళ కొలత చూస్తే తగలకూడదు. మరి మధ్యలో ఏదో జరగాలి కదండీ?"

"అదే నేనూ మొన్నటినుంచి అడుగుతున్నాను," అన్నాడు అల్లుడు.

"బూట్లతోనే కొలవమన్నది మీరు సార్," అంది చిన్నది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"మొదటి రోజు నేను విప్పించాను. లైను ఆగింది. మీరొచ్చి, 'ఒక్కొక్కరి బూట్లు విప్పిస్తూ కూర్చుంటే లైను రోడ్డెక్కుతుంది, అలాగే కానివ్వు' అన్నారు."

"నేనా?" నవ్వు చెదరలేదు. "ఎవరి ముందన్నాను?"

"నాతో పాటు గేట్లో ఉన్న అమ్మాయి ముందు."

"అడుగుదాం, దాందేముంది. ఆ అమ్మాయి సర్టిఫికెట్ కూడా వచ్చేవారమే." గ్లాసులో మిగిలిన నీళ్ళను కాస్త తిప్పి చూశాడు. "ఆ అమ్మాయి ఏమంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పోట్లాటకి రాలేదమ్మా. దారి చూపించడానికి వచ్చాను."

"చూపించండి," అన్నాడు అల్లుడు.

సూపర్‌వైజర్ చెప్పాడు. లైన్లో నిలబడ్డవాళ్ళకి దారి చెప్పేటప్పుడు ఒక వేలు చూపించకూడదు, రెండు వేళ్ళు కలిపి చూపించాలని ట్రైనీలకి నేర్పుతారు. ఆ రెండు వేళ్ళతోనే ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూపిస్తూ చెప్పాడు.

"కుటుంబం వాళ్ళే పిల్లని ఎత్తుగా కనిపించేలా ఏమైనా చేసి ఉంటే, చెప్పుల్లో గుడ్డ పెట్టడం, జుట్టు పైకి కట్టడం, ఇవన్నీ మేం చూడనివి కావు, అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులు దులుపుకుంటారు. ఆపరేషన్, తరువాత కడ్డీ తీయించడం, అన్నీ మీరే చూసుకోవాలి. అదే ట్రైనీ సరిగా చూడలేదంటే, అది మా మనిషి పొరపాటు. మొత్తం వాళ్ళే చూసుకుంటారు. పెద్ద ఆస్పత్రిలో, పెద్ద డాక్టరు చేత. కాకపోతే ఆ ట్రైనీని మేం ఉంచుకోలేం. సర్టిఫికెట్ ఇవ్వలేం. అంతే, రెండే. మూడోది లేదు."

ఎద్దు పుండు కాకికి నొప్పా? చెప్పడం అయిపోయాక అతను టోపీ సర్దుకుని గోడ మీది గడియారం వైపు చూశాడు.

పెద్దది బిడ్డ తల నిమురుతోంది. నిమిరే చెయ్యి ఆగింది.

చిన్నది తండ్రి వైపు చూసింది. చెప్పమని అడుగుతున్నట్టు కాదు, ఇచ్చిన మాట కోసం వచ్చి గుమ్మంలో నిలబడినట్టు చూసింది. మేస్త్రీ పెదవులు విడివడ్డాయి. అతని కళ్ళు మంచం మీదికి వెళ్ళాయి. కట్టులోంచి బయటికి వచ్చిన చిన్న వేళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. వాటిమీదే ఆగిపోయాయి ఆ కళ్ళు. పెదవులు మెల్లగా మళ్ళీ కలుసుకున్నాయి.

ఆమె ఇంకాసేపు ఎదురుచూసింది.

వంటగదిలో మూత కింద ఏదో ఉడుకుతోంది.

"నేనే చూడలేదు సార్," అంది చిన్నది.

"కెమెరాలో తగిలినట్టు..."

"కాలి వేళ్ళ మీద నిలబడి ఉంటుంది. పిల్లలు నిలబడతారు. కిందికి చూడాలి. నేను చూడలేదు. మా అక్క పిల్ల కదాని పోనిచ్చేశాను."

సూపర్‌వైజర్ ఊపిరి వదిలాడు. మొదటిసారి అతని నవ్వులో పళ్ళు కనిపించలేదు. అందుకే అది నిజం నవ్వులా ఉంది.

"మంచి పిల్లవమ్మా. నిజాయితీ ఉంది నీలో. ఇదే మాట ఇన్సూరెన్స్ వాళ్ళొచ్చినప్పుడు చెప్పు, చాలు. కాలేజీకి నేను చెబుతాను." లేచి, గ్లాసును కిటికీలో పెట్టాడు. "బ్యాడ్జీ ఉందా నీ దగ్గర?"

ఆమె సంచిలోంచి పసుపు బ్యాడ్జీ తీసి ఇచ్చింది. అతను దాన్ని జేబులో వేసుకుని, తన ఫోను నంబరున్న కార్డు అల్లుడి చేతిలో పెట్టి, గుమ్మం దాటాడు. వీధి మలుపు తిరిగేదాకా అతని బూట్లు కిర్రుకిర్రుమంటూనే ఉన్నాయి. కొత్తవి, సరిగా కుదరనివి.

"విన్నారుగా!" అంది పెద్దది. అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వదిలింది. "విన్నారుగా అందరూ! తన నోటితోనే. చూడలేదట! కిందికి చూడటానికి ఎంతసేపు పడుతుందే? నా బిడ్డ ప్రాణం నీకు వంగి చూసేపాటి కూడా కాదా? మూడు రోజులనుంచి నా మొహంలో మొహం పెట్టి, గీత తగిలింది, గీత తగిలింది అని..."

"పోనివ్వవే," అంది తల్లి.

"ఎందుకు పోనివ్వాలి? ఇంకోసారి నా పిల్లని ముట్టుకుంటే ఊరుకోను. ఈ గుమ్మం కూడా తొక్కను నేను, ఇది ఉండగా..."

"ఆపు," అన్నాడు మేస్త్రీ.

గట్టిగా కూడా అనలేదు. అతను ఆ గదిలో మాట్లాడి ఎన్నాళ్ళయిందో, పెద్దది నిజంగానే ఆపేసింది.

"మీరు ఊరుకోండి," అంది భార్య వెంటనే. గరిటె పట్టుకున్న చెయ్యి ముందుకు చాచింది, అతని నోరు మూయబోతున్నట్టు. "అయిపోయింది కదా. ఊరుకోండి."

మేస్త్రీ భార్యను చూశాడు. ఆమెకు తెలుసని అప్పుడే అర్థమైనట్టుంది అతనికి. ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. ఒక కప్పు కింద అన్నేళ్ళు బతికితే చెప్పనివే ముందు తెలుస్తాయి.

"అది చూసింది," అన్నాడు. "బూట్లలో అట్టలు నేను పెట్టాను. గీత అందాలని. అది వద్దనలేకపోయింది, నన్ను చూసి."

అంతే చెప్పాడు. ఆ గదిలో అతను ఒక్క ఊపున మాట్లాడినవాటిలో అదే పొడుగు.

పెద్దదానికి వెంటనే అందలేదు. "ఏం అట్టలు? నాన్నా, ఏంటి..." అని ఆగి, చెల్లెల్ని చూసి, తండ్రిని చూసి, ఎవరిని తిట్టాలో తెలియక నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. కొంగు ఒళ్ళోకి జారింది. సర్దుకోలేదు.

అల్లుడు లేచాడు.

"మామయ్యా, అంత దాకా..." అని మొదలుపెట్టి ఆపాడు. పళ్ళు కొరికిన చప్పుడు వినిపించింది. చేతిలో కార్డు ఉంది. జేబులోంచి ఫోను తీశాడు. వీధి గుమ్మం దాకా నడిచి అక్కడ నిలబడ్డాడు. సూపర్‌వైజర్ వెళ్ళిన దారి ఖాళీగా ఉంది.

చిన్నది అతని బొటనవేలినే చూస్తోంది. ఆ వేలు నంబరు నొక్కితే ఆమె ఏడాది ఆమెకు వచ్చేస్తుంది. మొన్నటినుంచి నిజం, నిజం అని తిరిగినవాడు. నిజం దొరికింది. ఇక దాన్ని చెప్పడమే మిగిలింది.

అతను అంకెలు నొక్కాడు. ఒకటి, రెండు, మూడు. మంచం మీద గువ్వ నిద్రలోనే కదిలి, "నొప్పి" అంది. మళ్ళీ సద్దుమణిగింది.

అల్లుడు వెనక్కి తిరిగి బిడ్డను చూశాడు. భార్యను చూశాడు. భార్య అతన్ని చూసి, తల అడ్డంగా ఊపిందో, ఊపలేదో. చిన్నదాన్ని మాత్రం ఇద్దరూ చూడలేదు.

కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోను కూడా.

"బావా," అంది చిన్నది.

అతనికి వినిపించింది. మెడ మీద నరం కదలడం ఆమెకు కనిపించింది.

"అన్నం పెట్టండి అత్తయ్యా," అన్నాడు. "పొద్దు చాలా ఎక్కింది."

తల్లి కంచాలు తెచ్చి పరిచింది. ఎవరినీ పిలవలేదు, అయినా అందరూ వచ్చారు. మేస్త్రీ చేతులు కడుక్కొచ్చి తన చోట కూర్చున్నాడు. అల్లుడు అతనికి ఎదురుగా కూర్చున్నాడు. పెద్దది మంచం కనిపించే వైపు. చిన్నదానికి గోడ పక్కన చోటు మిగిలింది.

తల్లి వడ్డించి, తనకూ పెట్టుకుంది. అందరూ తిన్నాకే తినే మనిషి ఆ రోజు అందరితో పాటే కూర్చుంది.

పెద్దది గిన్నె అందుకుని చెల్లెలి కంచంలో కూర వేసింది. అడక్కుండానే ఇంకో గరిటె వేసింది. మొహంలోకి చూడకుండా గిన్నె పక్కకు జరిపింది.

చిన్నది ముద్ద కలపకుండా కూర్చుంది. ఒక్కరైనా ఏదో అంటారని చూసింది. తండ్రి కలుపుకుంటున్నాడు. బావ నములుతున్నాడు. అక్క నీళ్ళు తాగుతోంది. తల్లి తల వంచుకుని తింటోంది. ఒక్క చెయ్యీ ఆగలేదు.

అందరి చేతుల్నీ చూశాక, ఆమె కూడా కంచంలో చెయ్యి పెట్టింది.